పురుషోత్తమ చౌదరి

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి 1803వ సంవత్సరమున పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. 1936లో ఒరిస్సాలో చేరిన ఆ సీమ తెలుగు, ఒరియా భాషల కూడలి. ఆయన బాల్యముననే సంస్కృతాంధ్రములు అభ్యసించి పెద్దల మన్నన పొందెను.

సత్యాన్వేషియైన చౌదరి తెలుగున అచ్చయిన క్రైస్తవ గ్రంథములను చదివి క్రీస్తును విశ్వసించెను. ఆ విశ్వాసమును మనస్సుననే దాచుకొనినచో గౌరవమునకు లోటు లేదు. వెల్లడించినచో కులము వెలివేయును. మతము మారినవారి వారసత్వపు హక్కును కాపాడు చట్టము 1850లోగాని రాలేదు. కావున పిత్రార్జితముపై ఆశయు వదలుకొనవలసినదే. అయినను ఆయన వెనుదీయక 1833లో కటకమున బాప్తిస్మము పొంది, యజ్ఞోపవీతమును త్యజించెను. భార్య కొంతకాలము దూరమయ్యెను. ఆ ఎడబాటును సహించెనుగాని విశ్వాసమును వీడలేదు. పిదప ఆమెయు ఆయన మార్గముననే నడచెను.

ఇన్నింటిని విడిచిన ఆ మహనీయుడు తెలుగును, సంగీతమును మాత్రము విడువలేదు. కర్ణాటక రాగతాళములలో నూరుకు పైగా కీర్తనలు రచించి, బోధకుడుగా దీర్ఘకాలము సేవచేసి, 1890లో పరమపదించెను. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున చేరిన ఆయన పాటలను బెంగళూరు వంటి పరభాషా నగరములలోని తెలుగు సంఘములు నేటికిని పాడుచున్నవి.

విద్యార్థులారా! నలుగురి మెప్పు ఒకవైపు, నమ్మిన సత్యము వేరొకవైపు నిలుచు దినము ప్రతివారికిని వచ్చును. ఆనాడు ఈ జీవితము స్మరింపదగినది.