అణుకేంద్రాలకు ముందు ఆకాశ కిరణాలు
భాభా తొలి పరిశోధన అదే

రణస్థలం: అణుశక్తి అనగానే శ్రీకాకుళం జిల్లావాసులకు కొవ్వాడ తలపునకు వస్తుంది. భూములు, చేపల వేట, ఉపాధి చుట్టూ సాగిన వాదోపవాదాలే గుర్తుకొస్తాయి. భారత అణుశక్తి కార్యక్రమానికి ఆద్యుడైన హోమీ జహంగీర్ భాభాను కూడా మనం ఆ కోణంలోనే ఎరుగుదుము. కానీ ఆయన తొలి మమకారం ఆకాశం నుంచి రాలిపడే విశ్వకిరణాలపైన.

1909 అక్టోబరు 30న బొంబాయిలో సంపన్న పార్సీ కుటుంబంలో భాభా జన్మించారు. ఇంజినీరై టాటా ఉక్కు కర్మాగారంలో చేరాలన్నది పెద్దల కోరిక. కేంబ్రిడ్జిలో ఆ చదువు పూర్తిచేసి వారి మాట నిలబెట్టి, ఆ పిమ్మట భౌతికశాస్త్రం వైపు మళ్లారు.

విశ్వకిరణాలు గాలిని తాకినపుడు కణాలు జల్లులా ఎలా పుట్టుకొస్తాయో 1937లో హైట్లర్‌తో కలిసి వివరించారు. సీసపు దిమ్మెలను సైతం దాటిపోయే కణాలు ఎలక్ట్రాన్లు కావని, అంతకన్నా బరువైనవని తేల్చారు. వాటినే నేడు మ్యుయాన్లు అంటున్నాం. వీటి ఆయుష్షు సెకనులో 10 లక్షల వంతులు రెండింటికి కాస్త ఎక్కువ. ఆ లెక్కన అవి ఒక కిలోమీటరైనా రాలేవు. అయితే కాంతివేగానికి చేరువలో సాగే కణానికి కాలం నెమ్మదిస్తుంది గనుక, అది ఎక్కువసేపు బతికినట్లు మనకు కనబడుతుందని 1938లోనే భాభా సూచించారు. అందువల్లనే అవి నేలను చేరుతున్నాయి. చాచిన అరచేతి గుండా సెకనుకు సుమారు ఒకటి చొప్పున దూసుకుపోతుంటాయి.

1939లో సెలవుపై స్వదేశానికి వచ్చిన భాభాను యుద్ధం ఇక్కడే నిలిపివేసింది. బెంగళూరులో సి.వి.రామన్ సారథ్యంలోని భౌతికశాస్త్ర విభాగంలో చేరారు. 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థను స్థాపించారు. అణుశక్తి సంఘం, రియాక్టర్ల కథ అందరికీ తెలిసినదే.

అంతగా తెలియనిది కోలార్ బంగారు గనుల ముచ్చట. మన రాష్ట్ర సరిహద్దుకు చేరువలో, తెలుగు, తమిళ కార్మికులు చెమటోడ్చిన ఆ గనుల్లోకి 1951లో తన శిష్యుడు బి.వి.శ్రీకంఠన్‌ను మ్యుయాన్లు లెక్కించేందుకు పంపారు. లోతు పెరిగేకొద్దీ లెక్క తగ్గింది. 1960 దశకం తొలినాళ్లలో మియాకే, నరసింహం, రమణమూర్తి సుమారు 2,760 మీటర్ల దిగువన పరికరం అమర్చి వేచిచూసినా ఒక్క మ్యుయాన్ కూడా నమోదు కాలేదు. అంతటి నిశ్శబ్దం దొరకబట్టే 1965లో అక్కడ వాతావరణ న్యూట్రినోల జాడ చిక్కింది. మరుసటి ఏడాది జనవరి 24న మాంట్ బ్లాంక్ శిఖరం వద్ద కూలిన ఎయిరిండియా విమానంలో భాభా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 56 ఏళ్లే.

రాయి ఎంత మందమో మ్యుయాన్ల లెక్క చెబుతుందన్నది కోలార్‌లో రుజువైన విషయమే. ఒక దిక్కు నుంచి ఎక్కువ వస్తే ఆ వైపు రాయి తక్కువగానో, బోలుగానో ఉన్నట్లు. ఈ సూత్రంతోనే అమెరికా శాస్త్రవేత్త అల్వారెజ్ ఈజిప్టులోని ఖఫ్రే పిరమిడ్‌ను పరీక్షించి, రహస్య గదులేవీ కనబడలేదని 1970లో ప్రకటించారు. 2017లో ఖుఫు పిరమిడ్‌లో కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ బయటపడింది.

భాభా సంస్థకు చెందిన ఊటీ కేంద్రం మేఘాన్నే పరిశీలించింది. మేఘంలోని విద్యుత్తు వల్ల మ్యుయాన్ల లెక్కలో వచ్చే తేడాను బట్టి, 2014 డిసెంబరు 1 నాటి ఉరుముల మేఘంలో సుమారు 130 కోట్ల వోల్టులు ఉన్నట్లు 2019లో వెల్లడించింది. ఏటా పొలాల్లో పిడుగుపాటుకు కూలీలు, కాపరులు బలవుతున్న మన జిల్లాలకు ఇది దూరపు సంగతేమీ కాదు. ఈ కొలతతో పిడుగు ఆగదు గానీ, అంతటి శక్తి తలపైన ఉంటుందని మునుపు ఏ బెలూనూ, ఏ విమానమూ కొలిచి చెప్పలేదు.