జీతం లేని కొలువు: సలీం అలీ జీవితం

ప్రతి సంవత్సరం జనవరి మాసంలో, మంచు తెరలు ఇంకా విడివడని వేళ, మన చెరువుల గట్లమీద మెడలో బైనాక్యులర్లు, చేతిలో నోటు పుస్తకం పట్టుకొని నిలబడే కొందరు కనిపిస్తారు. ఏ చెరువులో ఏ జాతి నీటిపక్షులు ఎన్ని దిగాయో వారు లెక్కిస్తారు. వారిలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు ఉంటారు. ఈ పనికి జీతం లేదు, బత్తెం లేదు. బస్సు ఖర్చులు సైతం తమవే. దారిన పోయేవారు ఒక నిమిషం ఆగి చూసి, వీరికి వేరే పని లేదు కాబోలు అనుకొని సాగిపోవడం కద్దు. ఈ నిశ్శబ్ద సేవకులను గౌరవించదలచినవారు, ఈ మార్గానికి మన దేశంలో ఒరవడి దిద్దిన మహనీయుని జీవితాన్ని ముందుగా తెలుసుకోవడం ఉచితం. ఆయనే డాక్టర్ సలీం అలీ. ఆయన మన హైదరాబాదు సంస్థానపు అడవులలో డేరాలు వేసుకొని తిరిగిన సంగతి మన విద్యార్థులలో చాలామంది ఎరుగరు.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో ఒక సులేమానీ బొహ్రా కుటుంబంలో జన్మించారు. తోబుట్టువులందరిలోకి ఆయనే కనిష్ఠుడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళకు తల్లి గతించగా, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ బాలుని ఖేత్‌వాడీలోని తమ ఇంట పెంచి పెద్దచేశారు. అమీరుద్దీన్‌గారు వేటయందు మక్కువ గలవారు. ఆయన ఇచ్చిన గాలి తుపాకితో పిల్లవాడు పిచ్చుకలను కొట్టేవాడు. ఒకనాడు నేలకూలిన పిచ్చుక గొంతుమీద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుకేనా, దీని మాంసం తినడం తమ మతాచారానికి సమ్మతమేనా అన్న సందేహం కలిగింది. మేనమామకూ తెలియకపోవడంతో, ఆయన ఒక పరిచయ లేఖ రాసి, ఆ పిట్టతోపాటు బాలుని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపారు.

1883లో స్థాపితమైన ఆ సంఘానికి అప్పుడు మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు గౌరవ కార్యదర్శి. గౌరవ కార్యదర్శి అంటే జీతం పుచ్చుకోని కార్యదర్శి అని అర్థం; ఆయన జీవనోపాధి వ్యాపారం. అంతటి పెద్దమనిషి తన పని పక్కనపెట్టి, బెదురుతూ వచ్చిన పసివానికి ఆ పిట్ట పేరు చెప్పి, సొరుగులు తెరిచి, గడ్డి కూరి భద్రపరచిన పక్షులను వరుసగా చూపించారు. 1908 ప్రాంతాన జరిగిన ఈ ముచ్చట ఎంత చిన్నది! కాని ఒక గౌరవ సేవకుడు ఒక పిల్లవానికోసం వెచ్చించిన ఆ కొద్ది సమయంలోంచే భారతదేశపు పక్షిశాస్త్రం మలుపు తిరిగింది. 1985లో వెలువడిన తన ఆత్మకథకు సలీం అలీ ఆ పిచ్చుక నేలరాలిన ఘట్టం పేరే పెట్టుకున్నారు.

చదువులో ఆయన అగ్రగణ్యుడేమీ కాదు. 1913లో మెట్రిక్యులేషన్ అతి కష్టంమీద గట్టెక్కింది. కళాశాల చదువు సాగక బర్మాలోని తవాయ్‌కి వెళ్ళి, కుటుంబానికి చెందిన టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూశారు. చూసింది వ్యాపారంకంటె అడవినే ఎక్కువ. 1917లో తిరిగివచ్చి, ఒకవంక వాణిజ్య న్యాయం, మరొకవంక సెయింట్ జేవియర్ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది. విశ్వవిద్యాలయ పట్టా లేనికారణాన ప్రభుత్వ జంతుశాస్త్ర శాఖలో పక్షిశాస్త్రజ్ఞుని ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుని కొలువు దొరికింది. రెండేళ్ళ తరువాత సెలవు పెట్టి బెర్లిన్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయ మ్యూజియంలో ష్ట్రెజెమాన్ పండితుని వద్ద శాస్త్రీయ పద్ధతులు అభ్యసించారు. 1930లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి, నిధులు లేవన్న కారణంతో ఆ ఉన్న కొలువునూ మ్యూజియంవారు రద్దు చేసి ఉన్నారు.

ముప్పది మూడేళ్ళ వయస్సులో, భార్యతో, ఉద్యోగం లేకుండా నిలిచిన మనిషి ఏంచేయాలి? దంపతులు బొంబాయికి ఆవల సముద్రతీరాన ఉన్న కిహీం గ్రామానికి మకాం మార్చారు. ఇంటి సమీపాన గిజిగాళ్ళు గూళ్ళు అల్లుకొంటున్నాయి. ఆ వర్షకాలమంతా సలీం అలీ వాటిని గమనిస్తూ కూర్చున్నారు. మగపక్షి గూడు సగం అల్లి నిలిపివేస్తుంది. ఆడపక్షి వచ్చి, లోపలికి పోయి, పరీక్షించి మెచ్చుకొంటేనే కాపురం; అప్పుడే గూడు పూర్తి. ఆ ఆడపక్షి గుడ్లు పెట్టి పొదుగుతూ ఉండగా మగది మరొక గూడు మొదలుపెట్టి మరొకదానిని పిలుస్తుంది. మన పల్లెల్లో ఈత చెట్లకు వేలాడే గిజిగాని గూళ్ళను కవులూ చూశారు, పశులకాపరులూ చూశారు. కాని ఈ సంసార రహస్యాన్ని ఓపికతో గమనించి శాస్త్రలోకానికి రుజువు చేసినవాడు ఈ నిరుద్యోగియే.

ఇక హైదరాబాదు విషయానికి వస్తాను. మన దేశంలో ఏ పక్షి ఏ ప్రాంతంలో ఉన్నదో చెప్పగల పట్టికలు చాలా సంస్థానాలకు అప్పటికి లేవు. సలీం అలీ ఒక ప్రతిపాదన చేశారు: ప్రయాణానికి, డేరాలకు అయ్యే ఖర్చు సంస్థానం భరిస్తే చాలు, తన పనికి రుసుము ఏమీ తీసుకోనని. ఆ షరతుమీద మొట్టమొదట జరిగినది నిజాం రాజ్యపు పక్షుల సర్వే. 1931-32లో తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలన్నీ కలిసిన ఆ విశాల భూభాగంలో ఆయన తిరిగారు. అమ్రాబాదు పీఠభూమివంటి కీకారణ్యాలలో విడిది చేశారు. తెల్లవారకముందే అడవికి పోవడం, పక్షులను సేకరించడం, వాటి తావు, ఎత్తు, ఋతువు, గూటి వివరాలు రాసుకోవడం, రాత్రి లాంతరు వెలుతురులో తిరిగి సరిచూడడం, ఇదీ దినచర్య. తెచ్చిన పక్షుల చర్మాలు ఒలిచి పాడుకాకుండా సిద్ధంచేయడంలో ఒక నేర్పరి తోడ్పడ్డారు. తెహ్మీనా బేగం ఇంగ్లండులో విద్యాభ్యాసం చేసిన విదుషీమణి. ఆమె నగర సుఖాలు విడిచి డేరాలలో కాపురం చేశారు. ఫలితాలు 1933, 34 సంవత్సరాలలో సంఘం పత్రికలో ధారావాహికంగా ప్రకటితమయ్యాయి. మన ప్రాంతపు పక్షులను గురించి నేడు రాసేవారెవరైనా ఆ పుటలు తిరగవేయక తప్పదు.

తుపాకితో పక్షులను కొట్టిన మనిషిని సంరక్షకుడని ఎలా కీర్తిస్తారని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమే. ఆ కాలంలో జాతిని నిర్ధారించడానికి పక్షి చేతిలో ఉండక తప్పేది కాదు. ఆ నమూనాల అవసరాన్ని ఆయన చివరివరకు సమర్థించారు కూడా. అయితే సజీవ పక్షిని దాని తావులోనే పరిశీలించాలన్న దృష్టిని మన దేశంలో బలపరచినవారూ ఆయనే.

హైదరాబాదు తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, మైసూరు, భోపాల్, ఇందూరు మొదలైన సంస్థానాలు అదే షరతుమీద తిరిగారు. 1939లో తెహ్మీనా బేగం ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం రక్తం విషపూరితమై హఠాత్తుగా మరణించారు. ఆయన మరల వివాహం చేసుకోలేదు. సోదరి ఇంట ఉంటూ పనిలోనే మునిగిపోయారు. 1941లో వెలువడిన భారతీయ పక్షుల పుస్తకం ఎందరో సామాన్యులకు పక్షుల పేర్లు నేర్పింది. అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల మహాగ్రంథం 1968 నుండి 1974 వరకు వెలువడింది. భరత్‌పూర్ చిత్తడి నేలను ఎండగట్టి సాగుకు ఇవ్వాలన్న ఒత్తిడి వచ్చినపుడు ఆయన నెహ్రూగారికి విన్నవించి దానిని నిలబెట్టారు. 1985లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. వలస పక్షుల కాళ్ళకు సంఘం చిరునామా గల ఉంగరాలు తొడిగి విడిచే కార్యక్రమం నడిపారు. ఎక్కడో సోవియట్ దేశంలో ఆ ఉంగరం దొరికిన అపరిచితుడు శ్రమపడి ఉత్తరం రాస్తేనే ఆ పక్షి దారి తెలిసేది. అతనూ ఒక స్వచ్ఛంద సేవకుడే కదా!

బిరుదులు ఆలస్యంగా వచ్చాయి: 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం. గెట్టీ బహుమానంగా లభించిన ధనంతో ఆయన ప్రకృతి సంరక్షణ నిధిని నెలకొల్పారు. ఆయన పెంచిన అభిరుచి 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘంగా రూపుదాల్చింది. అదే తరువాత డెక్కన్ బర్డర్స్ అయింది.

ఆయన తొంభయ్యవ యేట మన గడ్డనుండే ఒక శుభవార్త వెలువడింది. 1900 సంవత్సరం తరువాత ఎవరికీ అగుపించని కలివి కోడి, అంతరించిందనే అందరూ భావిస్తుండగా, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల కొండల చెంత బయల్పడింది. వెదకడానికి వచ్చినవారు బొంబాయి సంఘం పరిశోధకులు. కాని రాత్రివేళ దీపపు వెలుగులో దానిని చేతబట్టినవాడు రెడ్డిపల్లె గ్రామానికి చెందిన ఐతన్న అనే పిట్టల వేటగాడు. ఆ ముళ్ళపొదలలో ఆ పక్షి నడక ఎరిగినవారు అతనివంటివారే.

ఆ మరుసటి సంవత్సరం, 1987లో, మన దేశపు చెరువులమీద జనవరి మాసపు నీటిపక్షుల లెక్క మొదలైంది. ఆ యేడే జూన్ 20వ తేదీన సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు. లెక్క మాత్రం ఆగలేదు. వచ్చే జనవరిలోనూ చెరువు గట్టుకు నోటు పుస్తకంతో ఎవరో ఒకరు వస్తారు.