మీర్ ఉస్మాన్ అలీ ఖాన్: ఇల్లు, రైలు, బస్సు

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వినగానే మన విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆయన ఐశ్వర్యం, ఆ వెనువెంటనే ఆయన పొదుపు. కాగితాల మీద బరువుగా పెట్టుకొన్న వజ్రం కథ, ఏళ్ల తరబడి మార్చని టోపీ కథ మన ప్రాంతపు బడిపిల్లలకు సైతం తెలుసు. ఆ కథలను పక్కన ఉంచి, అంతగా ఎవరూ తలచుకోని ఒక విషయాన్ని ఈ వ్యాసంలో చెప్పదలచాము. ఒక నగరంలో రైలు ఎక్కడ ఆగాలి, అక్కడి నుండి బస్సు ఎటు పోవాలి, ఆ బస్సు ఎక్కే బీదవాడు ఎక్కడ కాపురముండాలి అనే మూడు ప్రశ్నలు కొన్ని సంవత్సరాలపాటు ఒకే ప్రభుత్వం చేతిలో ఉండడం ఆయన ఏలుబడిలో జరిగింది. అటువంటి అవకాశం హైదరాబాదు నగరానికి మరల కలుగలేదు.

కురిచేడు ఆయన రాజ్యంలో లేదు కదా, మనకేమి పని అని ఎవరైనా అడుగవచ్చు. మనకు పడమటనున్న కంభం సీమ 1800లోనే దత్తమండలాలతో పాటు నిజాం చేతి నుండి కుంపిణీ పాలనకు పోయిన మాట నిజమే. అయితే రాజ్యాలు విడిపోయినా పట్టాలు కలిశాయి. పందొమ్మిదవ శతాబ్దం చివర వేసిన మన మీటరుగేజి మార్గం మార్కాపురం, గిద్దలూరు దాటి, నల్లమల అడవి గుండా నంద్యాల చేరి, ద్రోణాచలం వద్ద నిజాం రైల్వే వారి మీటరుగేజితో కలిసేది. కర్నూలు, మహబూబునగరం మీదుగా సాగే ఆ మార్గం కాచిగూడ చేరుతుంది. 1990 దశాబ్దంలో మన పట్టాలు బ్రాడ్‌గేజి అయ్యాయి గాని దారి మారలేదు. కరవు సంవత్సరాలలో మన పశ్చిమ ప్రకాశం కూలివారు మేస్త్రీల వెంట హైదరాబాదు భవన నిర్మాణపు పనులకు పోవడం ఈ ప్రాంతంలో ఎరుగనివారు లేరు. కనుక ఆ నగరంలో కూలివానికి చోటు ఎక్కడ అన్నది మన ఇంటి సంగతే.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6వ తేదీన హైదరాబాదు పురానీ హవేలీలో జన్మించారు. తండ్రి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఉర్దూ, పారశీకం, అరబ్బీ, ఇంగ్లీషు భాషలు నేర్చారు. ఉర్దూలోను, పారశీకంలోను కవిత్వం అల్లేవారు. ఆయనకు ఇరువది రెండేళ్ల వయసులో, 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి మహా ప్రవాహం వచ్చింది. ఒక్క దినంలో సుమారు 15,000 మంది మరణించారని అంచనా. వంతెనలు తెగిపోయాయి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. వరద రాజును, బంటును ఒకే తీరుగా చూస్తుందని లోకులంటారు గాని అది పూర్తిగా నిజం కాదని మా అభిప్రాయం. మెట్టమీద రాతి గోడల నడుమ ఉన్నవాడికీ, ఏటి ఒడ్డున మట్టి గోడల నడుమ కిక్కిరిసి బ్రతుకుతున్నవాడికీ ఒకే వరద ఒకే తీరుగా రాదు. నగరంలో పనిచేసి పొట్టపోసుకొనే బీదవాడు పనికి దగ్గరగా ఉండవలెనని ఆ ఒడ్డును పట్టుకొన్నాడు. దగ్గరితనానికి అతడు చెల్లించిన మూల్యం అది.

ఆ విపత్తు తరువాత నగరాన్ని కాపాడే ఉపాయం చెప్పుమని 1909లో మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పుట్టినది మైసూరు సీమలోని ముద్దెనహళ్లి. కాని ఆ ఇంటిపేరు మన బేస్తవారిపేట మండలంలోని మోక్షగుండం గ్రామానిది. ఆయన పూర్వులు అక్కడివారే. ఈ సంగతి చెప్పుకొని గర్వించే హక్కు గిద్దలూరు, మార్కాపురం ప్రాంతంవారికి కొంత ఉన్నదని భావిస్తున్నాము. నగరానికి ఎగువన మూసీపైన, ఈసీపైన జలాశయాలు కట్టి వరదను పట్టి నిలుపవలెనని ఆయన సూచించారు. 1911 ఆగస్టులో తండ్రి గతించగా సింహాసనమెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ ఆ సూచనను అటకెక్కించలేదు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడమే కాక నగరానికి త్రాగునీరు కూడ వాటి వల్ల సమకూరింది. మురుగు కాలువల పథకానికి సైతం విశ్వేశ్వరయ్య సలహానే తీసుకొన్నారు.

జలాశయాల కంటె మనకు ఇక్కడ ముఖ్యమైనది 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి. ఇంగ్లీషు అక్షరాలతో సి.ఐ.బి. అని జనం వాడుక. ఉర్దూలో దాని పేరు ఆరాయిష్-ఎ-బల్దా. నగరానికి అలంకారమని దాని అర్థం. పేరుకు తగినట్లుగా అది పత్తర్‌గట్టీ రాతి అంగళ్ల వరుసను తీర్చింది, రోడ్లు వెడల్పు చేసింది, 1935లో మొజంజాహీ మార్కెట్టును నిలిపింది. ఆ మార్కెట్టుకు పేరైన రాకుమారుడు మొజ్జంజా బహదూర్ ఆ మండలికి అధ్యక్షుడు కూడ. ఇవన్నీ చూచేవారికి కనిపించే పనులు. మా దృష్టిలో ఆ మండలి చేసిన మేలైన పని అలంకారం ఏ మాత్రం లేనిది. ప్లేగు వంటి రోగాలకు ఆటపట్టయిన ఇరుకు వాడలను సేకరించి, కూల్చి, గాలి వెలుతురు వచ్చే చిన్న ఇండ్లను వరుసలుగా కట్టి, తక్కువ అద్దెకు ఇచ్చింది. బొంబాయిలో ప్లేగు తరువాత 1898లో ఏర్పడిన ఇటువంటి సంస్థ దీనికి ముందు దారి చూపినది. సి.ఐ.బి. క్వార్టర్లు అన్న పేరు హైదరాబాదు వాడలలో ఇప్పటికీ వినవస్తుంది.

ఆ ఇండ్ల గురించి పొగడ్త ఒక్కటే వ్రాసి ఊరుకొనడం న్యాయం కాదు. వాడను కూల్చినప్పుడు లేచిపోయేవాడు ఒకడు, కొత్త ఇంటి తాళంచెవి అందుకొనేవాడు మరొకడు కావడం ఇటువంటి పథకాలన్నిటికీ ఉన్న జాడ్యం. నెల జీతగాడు నెలకింతని అద్దె కట్టగలడు. దినకూలికి పని దొరికిన నాడు అన్నం, దొరకని నాడు పస్తు. అతనికి తక్కువ అద్దె సైతం ఎక్కువే. అద్దెను జీతంతో కొలిచి కట్టిన ఇల్లు చిన్న ఉద్యోగిని ఆదుకొంటుంది గాని, మూటలు మోసేవానిని గుడిసెలోనే వదిలిపెడుతుంది. ఈ కొరత ఉన్నదనుకొన్నా, వాడ కూల్చిన ప్రభుత్వమే ఇల్లు కూడ కట్టవలెనన్న నియమం చిన్నది కాదు. కూల్చడం మాత్రమే తెలిసిన ప్రభుత్వాలు తరువాత ఎన్నో వచ్చాయి.

ఇక రైలు సంగతి. హైదరాబాదు రాజ్యానికి రైలు 1874లోనే వచ్చింది. వాడి నుండి సికింద్రాబాదుకు ఆ మొదటి మార్గం. తరువాత ఆ రైల్వే ఒక విలాయతు కంపెనీ చేతికి పోయింది. లాభానికి ప్రభుత్వం పూచీ పడింది. నష్టం వస్తే ఖజానా నుండి నింపవలె, పెత్తనం మాత్రం కంపెనీది. ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం 1930లో ఆ రైల్వేను కొనివేసి తన సొంతం చేసుకొన్నది. ఆయన కాలంలోనే, 1916లో, కాచిగూడ స్టేషను లేచింది. గుమ్మటాలతో, చిన్న మినార్లతో చూడముచ్చటైన ఆ కట్టడంలో ఘోషా స్త్రీలకు వేరుగా ఏర్పాటు ఉండేది. మీటరుగేజి మీద దక్షిణం నుండి వచ్చే మనవంటివారికి నగరద్వారం అదే.

రైల్వే చేతికి వచ్చిన రెండేళ్లకు, 1932లో, ప్రభుత్వం బస్సులు నడపడం మొదలుపెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, అంతే. కాని గమనించవలసినది ఆ సంఖ్యలను కాదు. బస్సులను నడిపినది రైల్వే శాఖలోని విభాగం అన్న సంగతిని. దేశంలో ఇతర చోట్ల ప్రైవేటు మోటార్లు రైలు పక్కనే పరుగెత్తి దాని ప్రయాణికులను లాగుకొంటూ ఉండగా, ఇక్కడ రైలూ బస్సూ ఒకే యజమాని లెక్కలలో చేరాయి. రైలుకు పోటీ పడనక్కరలేని బస్సు రైలు పోనిచోటికి పోగలదు. ఆ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టినదని హైదరాబాదువారు చెప్పుకొంటారు.

ఆ రోజులలోనే ఇంగ్లాండులో ఎబెనెజర్ హోవర్డ్ అనే సామాన్య గుమాస్తా వేరొక దారిలో ఇదే చిక్కును విప్పడానికి పూనుకొన్నారు. ఆయన 1898లో ఒక పుస్తకం వ్రాసి, 1903లో లెచ్‌వర్త్ అనే తోటనగరాన్ని ఆరంభింపజేశారు. రైలు వచ్చినచోట భూమి విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువ భూస్వామికి కాక ఊరి ఉమ్మడి నిధికి చేరితే, దానితోనే కూలివానికి ఇల్లు, పార్కు, బడి ఏర్పడుతాయని ఆయన తలంపు. హైదరాబాదులో హోవర్డ్ వంటి సిద్ధాంతకర్త లేరు. కాని రైలు, బస్సు, ఇంటి స్థలం మూడూ ప్రభుత్వానివే కావడం వలన ఆ సిద్ధాంతానికి కావలసిన సామగ్రి మాత్రం అక్కడ సిద్ధంగా ఉండినది.

సామగ్రి అంతా ఉండి కూడ పని నగరం ఎల్లలు దాటలేదు. ఈ మాట చెప్పకపోతే ఈ జీవితకథ అసత్యమవుతుంది. రాజధానిలో సిమెంటు రోడ్లు పడుతున్న కాలంలోనే తెలంగాణ పల్లెలలో జాగీర్దార్లు, దేశ్‌ముఖులు వెట్టిచాకిరి చేయించుకొంటూనే ఉన్నారు. ఆ బాధలోంచే 1946లో రైతుల సాయుధ పోరాటం రేగింది. చివరి సంవత్సరాలలో రజాకార్ల దౌర్జన్యాన్ని ఆయన అరికట్టలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించగా ఆయన పాలన ముగిసింది. 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉన్నారు.

ఆ పదవిలో ఉండగానే, తన కాలంలో ఒకచోట చేరిన పనులు చెదరిపోవడం ఆయన చూశారు. 1950లో రైల్వే కేంద్ర ప్రభుత్వానికి పోయింది. 1951లో బస్సుల శాఖ దాని నుండి విడివడి రాష్ట్రానికి వచ్చింది. 1958లో అది రోడ్డు రవాణా సంస్థ అయింది. 1960లో నగరాభివృద్ధి మండలి గృహనిర్మాణ మండలిలో కలిసిపోయింది. ప్రతి మార్పుకూ తగిన కారణం ఉన్నది. దేశమంతటా ఒకే రైల్వే ఉండడం మంచిదే. కాని ఇంటి దస్త్రం ఒక ఆఫీసులో, బస్సు దస్త్రం ఇంకొక ఆఫీసులో, రైలు దస్త్రం ఢిల్లీలో ఉండిపోయాయి. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలో కన్నుమూశారు. ఎదుటనే ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంత ఆయనను ఖననం చేశారు. అంతిమయాత్రకు జనం లక్షలుగా తరలివచ్చారు.

ఆ తరువాతి కథ కూకట్‌పల్లిలో చూడవచ్చు. గృహనిర్మాణ మండలి అక్కడ పెద్ద కాలనీ కట్టింది. మధ్యతరగతివారు ఊరికి దూరమని గొణుగుతూనే చేరారు. 2017 నవంబరులో ఆ కాలనీ ముంగిటికి మెట్రో రైలు వచ్చింది. దూరం తగ్గింది, అద్దె పెరిగింది. మెట్రో కట్టిన సంస్థకు స్టేషన్ల వద్ద, డిపోల వద్ద వాణిజ్య భవనాలు కట్టుకొనే హక్కు ఒప్పందంలోనే ఇచ్చారు. కనుక అక్కడ లేచినవి పెద్ద పెద్ద అంగళ్లు. తక్కువ అద్దె ఇండ్ల వరుసలు కావు. ఆ స్తంభాలకు ఇనుము కట్టిన కూలివాడు పని ముగియగానే రేకుల షెడ్డు విప్పుకొని మరొక చోటికి పోయాడు.

మన ప్రాంతంలో నడికుడి - శ్రీకాళహస్తి కొత్త మార్గం గుండ్లకమ్మ వద్ద మన పాత పట్టాలను విడిచి దర్శి, పొదిలి, కనిగిరి వైపు సాగుతున్నది. గుంటూరు - గుంతకల్లు మార్గాన రెండవ పట్టా పని కూడ చేపట్టారు. ఎన్నడూ రైలు చూడని ఊళ్లకు స్టేషన్లు వస్తున్నాయి. పట్టాలకు కావలసిన భూమిని రైల్వే సేకరిస్తుంది. స్టేషను చుట్టూ ఉన్న భూమి మాత్రం ఎవరు ముందు కొంటే వారిది. అందులో కొన్ని ఎకరాలను ధర పెరగక ముందే కూలివారి ఇండ్లకు, బస్సు నిలిచే చోటుకు వేరుచేయుమని పంచాయతీలు తీర్మానించి జిల్లా కలెక్టరుకు పంపవచ్చు. ఆ ఊళ్ల విద్యార్థులు మన తరగతులలో ఉన్నారు.