వేకువచుక్క కాచిన బీరు

జర్మనీలో విట్టెన్‌బర్గ్ అని ఓ చిన్న ఊరు. అయిదు వందల ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో ఓ ఇల్లాలు తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. అందుకే ఆమె భర్త ఆమెకు విట్టెన్‌బర్గ్ వేకువచుక్క అని ముద్దుపేరు పెట్టాడు. లేచింది మొదలు పశువుల కొట్టం, పందులదొడ్డి, కోళ్ళు, తేనెటీగలు, చేపల చెరువు, కూరగాయల మడులు, ముప్ఫై నలభై మందికి వంట... ఇవి చాలవన్నట్టు ఇంటిల్లిపాదికీ సరిపడా బీరు కాచే పని కూడా ఆమెదే! ఆ భర్త క్రైస్తవ మత చరిత్రనే మలుపు తిప్పిన మార్టిన్ లూథర్. ఆ ఇల్లాలు కాతరీనా ఫోన్ బోరా.

ఆడవాళ్ళ పేజీలో బీరు కబుర్లేమిటని ముఖం చిట్లించకండి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన నేల మనది. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసే ఉద్దేశం ఎవరికుంటుంది? కానీ కాతరీనా కాలపు బీరు కథ వేరు. అప్పటికి ఆ దేశానికి కాఫీ, టీ రాలేదు. పలచటి బీరే వాళ్ళకు భోజనంలోకి మజ్జిగ, పొద్దుటిపూట అంబలి. ముసలీ ముతకా, పిల్లాజెల్లా అందరూ తాగేవాళ్ళు. వంట ఎలాగో బీరు కాయడం కూడా అలాగే చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ పని.

కాతరీనా 1499 జనవరి 29న పుట్టిందంటారు. పేరుకు పెద్దింటివాళ్ళే గానీ ఆస్తి అంతంతమాత్రం. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అయిదేళ్ళ పిల్లను చదువు పేరుతో మఠానికి పంపేశారు. కట్నమిచ్చి పెళ్ళి చేయలేని ఇళ్ళలో ఆడపిల్లలకు అప్పట్లో దొరికే దారి అదే. తర్వాత గ్రిమ్మా ఊరి దగ్గర నింబ్‌షెన్‌లోని మఠానికి మార్చారు. తండ్రి చెల్లెలు మాగ్దలేన అప్పటికే అక్కడ సన్యాసిని. 1515లో పదహారేళ్ళ వయసులో కాతరీనా కూడా సన్యాస దీక్ష తీసుకుంది. తీసుకుంది అనేకన్నా ఇప్పించారు అనడం నయమేమో. చదవడం, రాయడం, కొంచెం లాటిన్ మాత్రం అక్కడే అబ్బాయి. ఆ రోజుల్లో ఎంతమంది ఆడవాళ్ళకు ఆ మాత్రం దక్కిందని!

ఇంతలో లూథర్ రాతలు మఠాల గోడలు దాటి లోపలికి వచ్చాయి. బలవంతపు సన్యాసం దేవుడు కోరినది కాదని ఆయన వాదం. అది చదివిన కొందరు సన్యాసినులు తమను బయటికి తీసుకెళ్ళమని ఇళ్ళకు కబురు పెట్టారు. ఎవరూ కదల్లేదు. చివరికి లూథర్‌నే ఆశ్రయించారు. సన్యాసినిని మఠం దాటిస్తే ప్రాణాలకే ముప్పు. అయినా టోర్గావ్ ఊరి వర్తకుడు లేయోన్‌హార్ట్ కోప్ప ఒప్పుకున్నాడు. ఆయన మఠానికి ఉప్పుచేపలు, సరుకులు వేసే మనిషి. 1523 ఈస్టర్ రాత్రి ఆయన బండిలో పన్నెండుమంది బయటపడ్డారు. చేపల పీపాల్లో దాక్కున్నారని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పీపాల మాట ఎలా ఉన్నా, చేపల బండి మాత్రం నిజమే.

అందులో తొమ్మిదిమంది విట్టెన్‌బర్గ్ చేరారు. అయినవాళ్ళు రానివ్వరు, చేతిలో చిల్లిగవ్వ లేదు. వాళ్ళకు సంబంధాలు వెతికే భారం లూథర్ మీద పడింది. ఒక్కొక్కరికీ ఏదో ఒక దారి దొరికింది గానీ కాతరీనా మిగిలిపోయింది. ఆమె చిత్రకారుడు లూకాస్ క్రానాఖ్ ఇంట్లో ఉండేది. క్రానాఖ్‌కు బొమ్మలే కాదు, మందుల కొట్టూ ఉండేది, ద్రాక్షసారా అమ్మే హక్కూ ఉండేది. ఇంటిపట్టునే వ్యాపారాలు నడిచే ఆ సంసారాన్ని ఆమె దగ్గరుండి చూసింది. న్యూరెంబర్గ్ యువకుడు బౌమ్‌గార్ట్‌నర్ ఆమెను ఇష్టపడ్డాడు, ఆమె కూడా ఇష్టపడింది. కానీ పారిపోయి వచ్చిన సన్యాసిని కోడలుగా వద్దని అతని ఇంట్లో అడ్డం తిరిగారు. ఇంటికని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. తొందరపడమంటూ 1524లో లూథర్ అతనికి జాబు రాశాడు కూడా. ఫలితం లేదు.

ఆ తర్వాత గ్లాట్స్ అనే వయసు మళ్ళిన మతగురువు సంబంధం తెచ్చారు. ఆమె ససేమిరా అంది. అనడమే కాదు, లూథర్ స్నేహితుడు ఆమ్స్‌డోర్ఫ్ దగ్గరికి వెళ్ళి తన మనసులో మాట సూటిగా చెప్పేసింది. చేసుకుంటే మిమ్మల్ని చేసుకుంటాను, లేకపోతే లూథర్‌గారిని చేసుకుంటాను, ఆ ముసలాయన మాత్రం వద్దంది. నిలువ నీడ లేని ఆడపిల్లకు ఎంత ధైర్యమో చూడండి! 1525 జూన్ 13న పెళ్ళి జరిగింది. ఆమెకు 26, ఆయనకు 41. మాజీ సన్యాసి మాజీ సన్యాసినిని చేసుకోవడమేమిటని యూరప్ అంతా ముక్కున వేలేసుకుంది. ప్రాణస్నేహితుడు మెలాంక్తన్‌ను కూడా లూథర్ పిలవలేదు. ఆయన నొచ్చుకున్నాడు. రెండు వారాల తర్వాత జరిగిన పెళ్ళి విందుకు మంచి టోర్గావ్ బీరు పీపా పంపమని లూథర్ ఎవరికి రాశాడో తెలుసా? ఆ చేపల బండి కోప్పకే!

మతగురువుల్లో పెళ్ళి చేసుకున్నవాడు లూథర్ మొదటివాడేం కాదు. కానీ అందరి కళ్ళూ పడ్డది ఈ సంసారం మీదే. తర్వాతి కాలంలో మతగురువు ఇల్లంటే ఎలా ఉండాలి, ఆ ఇంటి ఇల్లాలు ఏం చేయాలి అన్నదానికి కాతరీనా సంసారమే నమూనా అయింది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాడు. ఆ శాఖ మన కోస్తా జిల్లాల్లో వేళ్ళూనుకుంది. ఆ చర్చీలకు వెళ్ళేవాళ్ళు పాస్టరమ్మగారూ అని పిలిచినప్పుడు, ఆ వరసకు మొదట్లో నిలబడేది ఈమేనన్నమాట.

కాపురానికి దొరికింది లూథర్ సన్యాసిగా ఉన్న మఠమే. సన్యాసులంతా వెళ్ళిపోయి నలభై గదులతో బావురుమంటున్న భవనం. లూథర్‌కు ఏడాదికి 200 గుల్డెన్ల జీతం. పుస్తకాలు వేలకు వేలు అమ్ముడుపోతున్నా అచ్చువేసేవాళ్ళ దగ్గర పైసా పుచ్చుకోడు. పాఠాలకు ఫీజు తీసుకోడు. చేయి చాచినవాడికి వెండి కప్పయినా ఇచ్చేస్తాడు. పెళ్ళికి కానుకగా మైంజ్ ఆర్చిబిషప్ 20 గుల్డెన్లు పంపాడు. లూథర్‌కు ఆయనంటే గిట్టదు కాబట్టి తిప్పి పంపేయమన్నాడు. కాతరీనా చప్పుడు చేయకుండా దాచింది. ఇల్లు గడవాలిగా మరి!

ఆమె ఖాళీ గదుల్ని విద్యార్థులకు అద్దెకిచ్చింది. తిండీ బసా కలిపి డబ్బు తీసుకునేది. వాళ్ళు లూథర్‌తో కలిసి భోంచేస్తూ ఆయన మాటలు రాసుకునేవాళ్ళు. తర్వాత అవే పెద్ద పుస్తకంగా వచ్చాయి. ఆ బల్ల మీద ఉన్న రొట్టె, మాంసం, బీరు ఎవరి చేతివో అందులో ఎంతమంది ఆలోచించారో గానీ!

ఆ మఠానికి బీరు కాచుకునే హక్కు ఉండేది. అప్పట్లో అది అందరికీ ఉండేది కాదు, ఇంటిని బట్టి వచ్చేది. ఇల్లు లూథర్ దంపతులకు చెందినప్పుడు ఆ హక్కు కూడా వాళ్ళకు వచ్చింది. బీరు కాయడం ఎలాగంటే... పసిపిల్లలకు రాగిమాల్ట్ చేయడానికి రాగులు నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెడతాం కదా, బార్లీ గింజలతో మొదటి పని అదే. ఆరిన మొలకల్ని వేడి చేసి, మొరుంగా దంచి, వేడినీళ్ళలో ఊరబెడితే గింజలోని తీపి నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు వడగట్టి, హాప్స్ అనే తీగమొక్క పూలు వేసి మరిగించాలి. ఆ పూల చేదు వల్లే బీరు తొందరగా పాడవదు. చల్లారాక పాత బీరు అడుగునో, పైన నురగలోనో ఉన్న మడ్డి కొంచెం కలిపితే పులుస్తుంది, అచ్చం పాలల్లో తోడు వేసినట్టే. ఆ మడ్డిలో ఉన్నది ప్రాణమున్న ఈస్ట్ అని లూయీ పాశ్చర్ తేల్చింది పంతొమ్మిదో శతాబ్దంలో. అంతకు ముందు అంతా చేతి వాటమే. నీళ్ళు కాస్త ఎక్కువ కాగినా, వాన ముసురు పట్టినా రుచి మారిపోయేది. అందుకే టోర్గావ్ బీరు వేరు, నౌంబుర్గ్ బీరు వేరు, ఐన్‌బెక్ బీరు వేరు. ఇవాళ పెద్ద ఊళ్ళలో క్రాఫ్ట్ బీరంటూ చిన్న చిన్న బ్రూవరీలు గొప్పగా చెప్పుకుంటున్నది ఈ ఊరి రుచుల గురించే. కాతరీనాకు మాత్రం అదేమీ సరదా కాదు. ఏడాది పొడుగునా ఆగని పని.

1534లో లూథర్ డెసావ్ వెళ్ళాడు. అక్కడి బీరు నోట పెట్టలేకపోయాడు. ఇంట్లో ఎంత మంచి బీరు ఉందో, ఎంత మంచి భార్య ఉందో తలచుకుంటూ జాబు రాశాడు. సీసాడు నీ బీరు పంపితే బావుండునన్నాడు. 1545లో రాసిన మరో జాబు మీద భార్య పేరు పక్కన బీరు కాచే ఆవిడ, తోటమాలి అంటూ సరదాగా బిరుదులు తగిలించాడు. ఒక్కోసారి అయ్యగారూ అని కూడా పిలిచేవాడు. అందులో వేళాకోళమెంతో, ఒప్పుకోలెంతో మనమే తేల్చుకోవాలి!

ఆమె జీవితంలో దుఃఖానికీ తక్కువ లేదు. ఆరుగురు పిల్లలు. 1527లో ఊళ్ళోకి ప్లేగు వస్తే చాలామంది పారిపోయారు. నిండు గర్భిణి కాతరీనా ఇంటినే ఆసుపత్రిగా మార్చి రోగులకు సేవ చేసింది. ఆ డిసెంబరులో పుట్టిన ఎలిజబెత్ ఎనిమిది నెలలకే పోయింది. 1540లో గర్భస్రావమై ఆమె చావు అంచులదాకా వెళ్ళింది. 1542లో పదమూడేళ్ళ మాగ్దలేన తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. అయినా పని ఆగలేదు. సొంత పిల్లలతోపాటు తల్లీతండ్రీ లేని మేనల్లుళ్ళనూ, మేనకోడళ్ళనూ సాకింది. మఠంలో తోడుండిన మేనత్త మాగ్దలేన కూడా చివరిదాకా ఈ ఇంట్లోనే ఉంది. 1540లోనే త్సూల్స్‌డోర్ఫ్‌లోని పుట్టింటి పొలాన్ని 610 గుల్డెన్లకు కొన్నారు. విట్టెన్‌బర్గ్ నుంచి రెండు రోజుల బండి ప్రయాణం. అయినా వెళ్ళి వారాల తరబడి ఉండి సాగు చేయించేది. పిసినారి అనీ, పొగరుబోతు అనీ, మొగుణ్ణి ఆడిస్తోందనీ ఊళ్ళో అనేవాళ్ళు. నాలుగు రాళ్ళు వెనకేసే ఆడదానికి ఏ ఊళ్ళోనైనా దక్కే పేరే ఇది.

1542లో లూథర్ తన చేత్తో వీలునామా రాశాడు. పొలం, ఓ చిన్న ఇల్లు, వెండి సామాను భార్యకే. పిల్లలకు సంరక్షకురాలు కూడా ఆమే. తల్లి పిల్లల చేతుల కోసం చూడకూడదు, పిల్లలే తల్లి చేతుల కోసం చూడాలని ఆయన పట్టుదల. కానీ ఆయనకు లాయర్లంటే పడదు, ఎవర్నీ పిలవలేదు. అదే కొంప ముంచింది. 1546 ఫిబ్రవరి 18న ఐస్లెబెన్‌లో ఆయన పోగానే వీలునామా సాక్సనీ చట్టానికి తగినట్టు లేదన్నారు. ఆ చట్టం ప్రకారం విధవకు దక్కేది అతి కొంచెం. తన పనులు తాను చూసుకునే అధికారమూ లేదు, ఎవరో ఒక మగవాడు సంరక్షకుడిగా ఉండాల్సిందే. ఇరవయ్యేళ్ళు నలభై గదుల ఇంటిని నడిపిన మనిషికి! రాజుగారి మంత్రి బ్రూక్ ఇంకో అడుగు ముందుకేశాడు. అంత పెద్ద సంసారం ఆమెకెందుకు, మగపిల్లల్ని వేరేచోట పెంచాలి అన్నాడు. కాతరీనా ఊరుకోలేదు. రాజుకు మొర పెట్టుకుంది. సంరక్షకుల్నైతే తప్పించుకోలేకపోయింది గానీ పిల్లల్నీ, ఇంటినీ వదలలేదు. పైగా అందరూ వద్దంటున్నా వాక్స్‌డోర్ఫ్ దగ్గర మరో పొలం కొనిపించుకుంది.

ఆ ఏడాదే యుద్ధం. పిల్లలతో మాగ్డెబుర్గ్ పారిపోయింది. 1547లో రెండోసారి బ్రౌన్‌ష్వైగ్ దాకా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇల్లు నిలిచింది గానీ పొలాలు పాడైపోయాయి, పశువులు పోయాయి. అప్పు చేసింది. మళ్ళీ గదులు అద్దెకిచ్చి, మళ్ళీ పొయ్యి వెలిగించింది. లూథర్‌ను అంత గౌరవించిన దేశంలో ఆదుకునేవాళ్ళు లేక డెన్మార్క్ రాజుకు లేఖలు రాసుకోవాల్సి వచ్చింది.

1552లో విట్టెన్‌బర్గ్‌లో మళ్ళీ ప్లేగు. పిల్లల్ని తీసుకుని టోర్గావ్ బయల్దేరింది. దారిలో గుర్రాలు బెదిరాయి. వాటిని ఆపాలని బండి మీంచి దూకింది. చల్లటి నీళ్ళున్న గోతిలో పడిపోయింది. ఆ దెబ్బనుంచి మళ్ళీ లేవలేదు. దాదాపు మూడు నెలలు మంచం పట్టి డిసెంబరు 20న టోర్గావ్‌లో కన్నుమూసింది. చేపల బండి కోప్ప ఊరు, పెళ్ళి బీరు రావాల్సిన ఊరు అదే. అక్కడి సెయింట్ మేరీ చర్చిలో ఆమె సమాధి ఉంది.

1564లో పిల్లలు విట్టెన్‌బర్గ్ ఇంటిని విశ్వవిద్యాలయానికి అమ్మేశారు. ఇప్పుడది మ్యూజియం. దాని ముఖద్వారం 1540లో కాతరీనా చెక్కించింది. రెండు పక్కలా కూర్చోడానికి రాతి అరుగులుంటాయి. భర్తకు పుట్టినరోజు కానుకగా చేయించిందట. ఆ ఊళ్ళో ఇప్పుడు ఏటా జూన్‌లో వాళ్ళిద్దరి పెళ్ళిని పండగలా చేస్తారు. పాతకాలం బట్టలు కట్టుకుని వధూవరులు ఊరేగుతారు, వీధి వీధినా బీరు పొంగుతుంది.