రాయలు పోయాక పెద్దన

మా ఊరు తోరణగల్లు. బళ్లారి నుంచి హోస్పేటకు పోయే రైలు దారిలో వస్తుంది. ఇప్పుడు ఈ పేరు చెబితే ఎవరికైనా ఉక్కు ఫ్యాక్టరీ, ఖనిజం లారీలు, ఎర్రదుమ్ము గుర్తొస్తాయి. పడమటికి ముప్పై కిలోమీటర్ల పైన పోతే హోస్పేట, ఇంకొంచెం పోతే హంపి. చుట్టాలొచ్చినప్పుడల్లా వాళ్లను తీసుకుని హంపికి పోవడం మా ఇంట్లో అలవాటు. అక్కడ ఎవరిని అడిగినా శ్రీకృష్ణదేవరాయల గురించే చెబుతారు. ఆయన పోయాక మిగిలిపోయిన మనిషి ఊసు ఎవరూ ఎత్తరు.

పోయిన ఏడాది మా బెంచీలో ఒక చోటు ఖాళీ అయింది. పేరు రాయను, క్లాసులో అందరికీ తెలుసు. ఆ తర్వాత కొన్నాళ్లకు మేడమ్ మనుచరిత్ర పాఠం మొదలుపెట్టారు. అప్పుడు అల్లసాని పెద్దన నాకు పరీక్షలో వచ్చే కవిలా కనపడలేదు. అందుకే ఈసారి గోడపత్రికకు ఆయన గురించి రాస్తానని నేనే అడిగాను.

పెద్దన తండ్రి చొక్కనామాత్యుడు. గురువు శఠకోపయతి. 1509లో రాయలు పట్టానికొచ్చాడు. అష్టదిగ్గజాల్లో మొదట చెప్పే పేరు పెద్దనది, ఆంధ్ర కవితా పితామహుడనేది ఆయన బిరుదు. ఇవన్నీ మనం రెండు మార్కుల జవాబుల్లో రాసేవే. నన్ను ఆపింది వేరే సంగతి. మనుచరిత్ర పీఠికలో రాయలు కావ్యం రాయమని పెద్దనను అడిగేటప్పుడు ముందు పొగిడేది ఆయన పాండిత్యాన్ని కాదు. తన హితుడంటాడు, తక్కిన పొగడ్తలన్నీ ఆ తర్వాతే. ఆ పద్యం రాసింది పెద్దనే కదా! రాయల నోట ఏ మాట ముందు రావాలో ఆయనే ఎంచుకున్నాడు.

ఆ రాయలు ఎలా ఉండేవాడు? సినిమాల్లో చూసినట్టు కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆయన్ని చూసి రాసిపెట్టాడు. మధ్యరకం పొడుగు, కొంచెం లావు, మొహాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కుస్తీ పట్టి, గుర్రమెక్కి తిరిగేవాడట. ఇట్లాంటి మనిషి మళ్లీ కూర్చుని ఆముక్తమాల్యద రాశాడు. గోదాదేవి కథ చెప్పిన భక్తుడు. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించుకుని నిలబడ్డ ఆయన లోహవిగ్రహాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు.

చివరి ఏళ్లు మాత్రం బాగా గడవలేదు. చిన్నపిల్లవాడైన కొడుకు తిరుమలరాయడికి తాను బతికుండగానే పట్టం కట్టాడు. ఆ పిల్లవాడు కొద్దికాలానికే చనిపోయాడు. విషం పెట్టారని అనుమానించి, తండ్రిలా చూసుకున్న మంత్రి తిమ్మరుసు కళ్లు తీయించాడని నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసువాడు రాశాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు పెద్దన ఏమనుకునేవాడో అని నాకు అనిపిస్తుంటుంది. స్నేహితుడు తప్పు చేస్తున్నాడని తోచినా, అతను రాజైతే ఏం చెప్పగలం?

తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి దగ్గర దొరికిన కన్నడ శాసనం రాయల మరణాన్ని నమోదు చేసింది. 1529 అక్టోబరు 17, ఆదివారం, చంద్రగ్రహణం రోజు. ఆ సందర్భంలోనే దేవుడి పూజకు ఒక ఊరిని దానం ఇచ్చారు. రాజు పోతే రాతిమీద తేదీ, తిథి, దానం ఎక్కుతాయి.

పెద్దన చేసిన లెక్క వేరు. రాయలు పోయాక ఆయన చెప్పాడని తరతరాలుగా మనవాళ్లు చెప్పుకునే చాటుపద్యం ఒకటుంది. సీసపద్యం. ఒక్కో పాదంలో ఒక్కో జ్ఞాపకం. దారిలో తాను ఎదురైతే రాయలు ఏనుగును ఆపి, చెయ్యి ఊతమిచ్చి పైకి ఎక్కించుకోవడం. మనుచరిత్ర అందుకున్న రోజు ఊరేగింపులో పల్లకీకి తానే చెయ్యి వెయ్యడం. అడిగిన చోటల్లా అగ్రహారాలివ్వడం, వాటిలో కడప సీమలోని కోకటం ఒకటి. గండపెండేరం తన చేత్తోనే కవి కాలికి తొడగడం. కింద గీతపద్యంలో, తనను నిండు బిరుదుతో నోరారా పిలవడం.

ఇందులో ఉదయగిరి లేదు. రాయచూరు యుద్ధం లేదు. దిగ్విజయాల్లో ఒక్కటీ లేదు. గుళ్లు, గోపురాల మాటే రాలేదు. రాజు కవి కాలు ముట్టుకోవడం, చెయ్యి పట్టి లాగడం, పేరుపెట్టి పిలవడం ఇవే మిగిలాయి. నాకూ అంతే. మా స్నేహితురాలి మార్కులు, బహుమతులు అసలు గుర్తు రావు. బస్సు కదిలాక పరుగెత్తి వస్తున్న నన్ను మెట్టుమీద నుంచి చెయ్యిచ్చి లాక్కోవడం గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల్లో పసరు కరిగిపోయి చిక్కుకుపోతే, అగ్నిదేవుణ్ణి తలుచుకుంటాడు, ఇల్లు చేరతాడు. నిష్ఠగా ఉన్నవాణ్ణి దేవుడు సాయంత్రానికి ఇంటికి తెచ్చేస్తాడు. అదే కవి, తన స్నేహితుడు పోయినప్పుడు ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. రాయలు స్వర్గానికి పోయాడన్న నమ్మకం మాత్రం ఆ పద్యంలో గట్టిగానే ఉంది. ఎక్కడికి పోయాడో తెలిసినా బాధ తగ్గలేదు. వెంట పోలేకపోయానే, బతికుండి కూడా ప్రాణం లేనట్టే ఉన్నానే అన్నదే ఆయన ఏడుపు. దుఃఖం వచ్చిందంటే నమ్మకం పోయినట్టే అనేవాళ్లకు ఈ పద్యం చూపించాలనుంటుంది నాకు.

అట్లని మూల కూర్చోలేదట పెద్దన. రాయలు లేడని తెలిసి కళింగ గజపతి దండెత్తి వస్తే, ముసలి కవి ఒక పద్యంతో సిగ్గుపడేట్టు తిట్టి వెనక్కి పంపాడని కథ. చరిత్ర అవునో కాదో గానీ, చెప్పుకున్నవాళ్లకు పెద్దన స్నేహం అంత గట్టిదని తోచింది.

1565 తర్వాత నగరం పాడుబడింది. ఇప్పుడు హంపిలో రాజభవనాల పునాది రాళ్లే చూస్తాం. మనుచరిత్ర మాత్రం మన లైబ్రరీలో ఉంది, తీసి చూడండి. ఆరు ఆశ్వాసాలు. ఆశ్వాసాల మొదట్లోనూ చివర్లోనూ కథ ఆపి, కృతిభర్త అయిన రాయలను సంబోధన విభక్తిలో పిలుస్తాడు. వ్యాకరణం క్లాసులో సంబోధన అంటే ఎదుట ఉన్నవాణ్ణి పిలవడం అని రాసుకున్నాం. ఆ పిలుపులు రాసినప్పుడు రాయలు ఎదుటే ఉన్నాడు. 1529 తర్వాత పెద్దన తన పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ పిలుపులు దాటుకునే కథలోకి పోవాలి.