చదువు రాని పెద్దలకు టీచర్లను తయారు చేసిన సెప్టిమా క్లార్క్

1956లో అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగులెవరూ ఎన్‌ఏఏసీపీలో సభ్యులుగా ఉండకూడదని దాని సారాంశం. నల్లజాతివారి హక్కుల కోసం కోర్టుల్లో కొట్లాడుతున్న సంస్థ అది. నల్ల పిల్లలకూ తెల్ల పిల్లలకూ వేర్వేరు బడులు చెల్లవని రెండేళ్ల ముందు సుప్రీంకోర్టు చేత తీర్పు ఇప్పించింది కూడా ఆ సంస్థే. ఆ కక్ష ఇలా తీర్చుకున్నారు. టీచర్లు ఏయే సంఘాల్లో ఉన్నారో కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో చాలామంది ఆ ఒక్క పేరు రాయకుండా వదిలేశారు. చార్లెస్టన్‌లో పనిచేస్తున్న సెప్టిమా క్లార్క్ మాత్రం రాశారు. అప్పటికి ఆమె వయసు 58 ఏళ్లు, టీచరుగా సర్వీసు దాదాపు 40 ఏళ్లు. ఉద్యోగం పోయింది. దాంతోపాటు పింఛనూ పోయింది.

ఆమె ఊరుకోలేదు. నల్లజాతి టీచర్లకు 726 ఉత్తరాలు రాశారు. ఈ చట్టాన్ని అందరం కలిసి ఎదిరిద్దామని అడిగారు. జవాబు ఇచ్చినవాళ్లు 26 మంది. అధికారి దగ్గరికి కలిసి వెళ్దామంటే సరేనన్నవాళ్లు 11 మంది. తీరా వెళ్లాల్సిన రోజు వచ్చేసరికి తేలింది ఐదుగురే. ఆమె సభ్యురాలిగా ఉన్న మహిళా సంఘంవాళ్లు ఆమెకు సన్మానం చేశారు గానీ, పక్కన నిలబడి ఫొటో దిగడానికి జంకారు. ఫొటో పేపర్లో పడితే తమ ఉద్యోగాలకూ ముప్పని భయం.

ఇంకొకరైతే ఆ టీచర్లను పిరికివాళ్లని తిట్టుకునేవారు. సెప్టిమా తప్పు తన మీద వేసుకున్నారు. మనసులో సిద్ధం కాని మనుషుల్ని ఉత్తరాలతో ముందుకు నెట్టాలని చూశానని, తన జీవితంలోని పెద్ద ఓటమి అదేనని తర్వాత చెప్పుకున్నారు. ముందు తర్ఫీదు, ఆ తర్వాతే పోరాటం అన్న పాఠం అక్కడ నేర్చుకున్నారు. తర్వాతి పద్నాలుగేళ్లు ఆమె చేసిన పనంతా ఆ ఓటమి మీద కట్టిందే.

సెప్టిమా 1898 మే 3న చార్లెస్టన్‌లో పుట్టారు. తండ్రి పీటర్ పాయిన్‌సెట్ బానిసగా పుట్టినవాడు. తల్లి విక్టోరియా హైతీలో పెరిగింది, బట్టలు ఉతికి ఇల్లు నడిపింది. ఆ కష్టంతోనే కూతుర్ని ఏవరీ అనే బడిలో టీచరు చదువు చదివించారు. 1916లో చదువు పూర్తయింది. కానీ ఆ రోజుల్లో చార్లెస్టన్ నగరంలోని ప్రభుత్వ బడుల్లో నల్ల పిల్లలకు కూడా తెల్ల టీచర్లే చెప్పాలి. నల్లజాతి టీచర్లకు అక్కడ చోటు లేదు. అందుకని పద్దెనిమిదేళ్ల పిల్ల పడవెక్కి జాన్స్ ద్వీపానికి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి ఆ దీవికి వంతెన లేదు.

అక్కడి బడిలో 132 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. హెడ్ టీచరు సెప్టిమాయే, జీతం నెలకు 35 డాలర్లు. అదే దీవిలో తెల్ల పిల్లల బడి ఒకటుంది. అందులో పిల్లలు ముగ్గురు. వాళ్ల టీచరుకు 85 డాలర్లు.

పగలంతా పిల్లలతో సరిపోయేది. రాత్రిళ్లు పెద్దవాళ్లు వచ్చేవారు. వాళ్ల సంఘాల మీటింగుల్లో నిలబడి నాలుగు మాటలు చదవాలని వాళ్ల కోరిక. పలకలు లేవు, బోర్డు లేదు. బట్టలు ఉతికించి ఇచ్చేటప్పుడు చుట్టే కాగితపు సంచులు చింపి, వాటి మీద పెద్ద అక్షరాలు రాసి నేర్పారు. వయోజన విద్య అన్న మాట ఆ దీవిలో ఎవరూ విని ఉండరు. పని మాత్రం జరిగింది.

మధ్యలో పెళ్లయింది. మొదటి బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే చనిపోయింది. నావికుడైన భర్త 1925లో పోయాడు. చాలని జీతంతో కొడుకుని దగ్గర ఉంచుకోలేక అత్తగారింట్లో పెంచాల్సి వచ్చింది. ఆ బాధ ఆమెను ఎన్నడూ వదల్లేదు. తర్వాత కొలంబియా నగరంలో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో చదువుకుంటూ 1942లో డిగ్రీ, 1946లో ఎంఏ పూర్తి చేశారు. నల్ల, తెల్ల టీచర్లకు సమాన జీతం కావాలని వేసిన కేసులో పనిచేశారు. 1945లో ఆ కేసు గెలిచారు.

కొలంబియాలో ఉన్నప్పుడే విల్ లూ గ్రే అనే ఆవిడ నడిపిన వయోజన విద్య కార్యక్రమంలో సెప్టిమా పనిచేశారు. క్యాంప్ జాక్సన్‌లోని నల్లజాతి సైనికులకు జీతం కాగితం మీద సంతకం పెట్టడం, ఏ బస్సు ఎక్కడికి పోతుందో చదవడం నేర్పడమే ఆ పని. సంతకానికి ఒక పద్ధతి ఉండేది. అట్టముక్క మీద మనిషి పేరు పెద్దగా రాసి ఇచ్చి, దాని మీదే పెన్సిల్‌తో మళ్లీ మళ్లీ దిద్దించేవారు. చేతికి ఆ వంపులు అలవాటయ్యాక అట్ట తీసేస్తారు. నాగలి పట్టిన చేతులు కాబట్టి నొక్కుడు ఎక్కువ, పెన్సిళ్లు విరిగిపోయేవి. ముందే నాలుగు ఎక్కువ దగ్గర పెట్టుకోవాలి, అంతే.

ఉద్యోగం పోయాక ఆమెను పిలిచింది టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ ఫోక్ స్కూల్. మైల్స్ హోర్టన్ అనే తెల్లజాతి మనిషి నడిపేవాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే అరుదైన చోటు అది. 1955 వేసవిలో అక్కడ సెప్టిమా నడిపిన వర్క్‌షాపుకు రోజా పార్క్స్ అనే మహిళ వచ్చి కూర్చుంది. అదే ఏడాది డిసెంబరులో ఆమె మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనని కూర్చుంది. ఆ తర్వాతి కథ ప్రపంచానికి తెలుసు.

ఇక్కడ ఓటు సంగతి కొంచెం చెప్పాలి. మన దేశంలో 1951-52 మొదటి ఎన్నికల నుంచే చదువు రాకపోయినా ఓటుంది. అక్షరం రానివాళ్ల కోసమే గుర్తులు పెట్టారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అలా కాదు. ఓటరుగా పేరు రాయించుకోవాలంటే గుమాస్తా ముందు రాష్ట్ర రాజ్యాంగంలోని ఒక భాగం చదవాలి. ఏ భాగం అన్నది గుమాస్తా ఇష్టం. నల్లవాళ్లకు మంచి బడులు ఇవ్వనిదీ వాళ్లే, చదువు రాదని ఓటు ఆపేదీ వాళ్లే.

జాన్స్ ద్వీపంలో ఈసా జెంకిన్స్ అనే ఆయన కూలీలను రోజూ బస్సులో చార్లెస్టన్‌కు తీసుకెళ్లేవాడు. దారిలో ఆ రాజ్యాంగం ముక్కలు వాళ్లకు చదివి వినిపించేవాడు. ఆలిస్ వైన్ అనే ఆవిడ విని విని కంఠస్థం చేసేసింది. కానీ కాగితం మీద అక్షరాలను చూసి చదవాలన్నది ఆమె కోరిక. ఈసాను సెప్టిమాయే హైలాండర్‌కు తీసుకెళ్లారు. పెద్దవాళ్లకు రాత్రి బడి కావాలని ఆయన అక్కడ అడిగాడు. హైలాండర్ అప్పు ఇచ్చింది. పాత భవనం ఒకటి కొని, ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టారు, వెనక గదుల్లో బడి పెట్టారు. వెనకాల ఏం జరుగుతోందో తెల్లవాళ్లకు అనుమానం రాకుండా ఆ కొట్టు.

మరి చెప్పేదెవరు? డిగ్రీ ఉన్న టీచర్లు దొరక్క కాదు. వాళ్లు ప్రభుత్వ జీతం మీద ఉన్నారు, ఎప్పుడైనా బెదిరించొచ్చు. పైగా పెద్దవాళ్లను పిల్లల్లా చూసే అలవాటు వాళ్లకు ఉంటుంది. సెప్టిమా తన బంధువు బెర్నీస్ రాబిన్సన్‌ను అడిగారు. ఆవిడ ఆడవాళ్ల జుట్టు అలంకరించే పని చేసేది. వచ్చే కస్టమర్లంతా నల్లవాళ్లే, కాబట్టి తెల్లవాళ్లు ఆమె పొట్ట మీద కొట్టలేరు. తానెప్పుడూ పాఠం చెప్పలేదని బెర్నీస్ వెనకాడింది. సెప్టిమా, హోర్టన్ ఒప్పించారు.

1957 జనవరి 7న మొదటి రాత్రి 14 మంది వచ్చారు. బెర్నీస్ చిన్నపిల్లల పుస్తకాలు వెంట తీసుకెళ్లింది. వచ్చినవాళ్ల మొహాలు చూడగానే వాటిని పక్కన పెట్టేసింది. నేను టీచర్ని కాదు, కలిసి నేర్చుకుందాం అన్న ధోరణిలో మొదలుపెట్టి, ఎవరికి ఏం కావాలో అడిగింది. ఒకరికి మనీ ఆర్డరు ఫారం నింపడం కావాలి. ఇంకొకరికి బైబిల్ చదవాలని ఉంది. అందరికీ ఓటు కావాలి. పాఠ్యపుస్తకం అదే అయింది. వారానికి రెండు రాత్రులు, రెండేసి గంటలు. గోడ మీద ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన అంటించింది. చలికాలం అయ్యేసరికి వాళ్లలో చాలామంది గుమాస్తా ముందు గట్టెక్కారు. ఆ తర్వాత పక్క దీవులవాళ్లు మాకూ బడి కావాలని అడగడం మొదలైంది.

కష్టాలు ఆగలేదు. 1959 జూలై 31 రాత్రి పోలీసులు హైలాండర్ మీద పడ్డారు. దొంగ సారా ఉందన్న నెపం పెట్టి, మద్యం ముట్టని సెప్టిమాను పట్టుకెళ్లారు. కేసు నిలవలేదు గానీ, 1961 నాటికి స్కూలునే మూయించారు. ఆలోపే బడుల కార్యక్రమాన్ని మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఎస్‌సీఎల్‌సీకి అప్పగించారు. జార్జియాలో మెకింటాష్ అనే చిన్న ఊళ్లో డార్చెస్టర్ అనే పాత మిషన్ బడి ఉంది. అక్కడ సెప్టిమా, డొరోతీ కాటన్, ఆండ్రూ యంగ్ కలిసి టీచర్లను తయారు చేయడానికి కూర్చున్నారు.

ఆ శిక్షణ ఐదు రోజులు. దక్షిణ రాష్ట్రాల నుంచి బస్సుల్లో వచ్చేవారు. రైతులు, వంటమనుషులు, మంత్రసానులు, బట్టలు కుట్టేవాళ్లు. డిగ్రీ అడగలేదు. గట్టిగా తప్పుల్లేకుండా చదవగలగాలి, కలిపిరాతలో తన పేరు శుభ్రంగా రాయగలగాలి, వీధిలో నలుగురూ మాట వినాలి. అంతకుమించి షరతు లేదు. సంతకం దిద్దించడం, బ్యాంకు చెక్కు రాయడం, ఓటరు దరఖాస్తు నింపడం నేర్పేవారు. రాష్ట్రానికొక చట్టం కాబట్టి రాష్ట్రానికొక పుస్తకం సెప్టిమా తయారు చేశారు. ఊళ్లో రోడ్డు ఎందుకు బాగుపడదు, దాన్ని వేయాల్సిందెవరు, వాళ్లను ఎన్నుకునేదెవరు అని అడుగుతూ పోయేవారు. ఆరో రోజు ఇంటికెళ్లి వంటింట్లోనో, చర్చిలోనో, సెలూన్‌లోనో బడి పెట్టాలి. కొద్దిపాటి భత్యం ఇచ్చేవారు.

ఒకసారి రాత్రంతా ప్రయాణం చేసి, దారిలో తినడానికి డబ్బుల్లేక ఆకలితో వచ్చిన గుంపు ముందే ఆండ్రూ యంగ్ టిఫిన్‌కు కూర్చున్నాడు. వాళ్లకూ పెట్టించు, లేకపోతే నువ్వూ మానెయ్ అని సెప్టిమా మందలించారు. చదువుకున్న కుర్రాడికి ఆమె ఇచ్చిన తర్ఫీదు అది. బీదవాళ్లకు పాఠం చెప్పేవాడికి ముందు వాళ్ల ఆకలి కనబడాలన్నది ఆమె లెక్క.

ఈ చదువుకు పెద్ద ధర చెల్లించినవాళ్లున్నారు. 1963 జూన్‌లో చార్లెస్టన్‌లో జరిగిన శిక్షణకు వెళ్లి మిసిసిపీకి తిరిగొస్తున్న ఫానీ లూ హేమర్‌ను, ఆమె తోటివారిని వినోనా ఊళ్లో అరెస్టు చేసి జైల్లో చావబాదారు. ఆ దెబ్బలు హేమర్‌ను బతికినంత కాలం బాధించాయి. ఆమె మాత్రం ఆగలేదు.

సొంత సంస్థలోనూ సెప్టిమాకు గౌరవం సగమే దక్కింది. ఈవిడ కార్యవర్గంలో ఎందుకని ఒక పెద్ద నాయకుడు కింగ్‌ను పదేపదే అడిగేవాడు. ప్రతి ఊరేగింపునూ మీరే నడిపించకండి, ఊళ్లలో కొత్త నాయకుల్ని తయారు కానివ్వండి అని ఆమె కింగ్‌కు ఉత్తరం రాస్తే, దాన్ని చదివి వినిపించినప్పుడు మీటింగులో నవ్వారట. నవ్వదగిన సంగతి కాదది. కింగ్ మీద ఆమెకు అభిమానం తగ్గలేదు. 1964లో ఆయన నోబెల్ బహుమతి అందుకోవడానికి ఓస్లో వెళ్లినప్పుడు వెంట వెళ్లారు కూడా. ఆడవాళ్ల మాటకు అక్కడ విలువ లేదన్న సంగతిని మాత్రం తర్వాత బాహాటంగానే చెప్పారు.

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. దక్షిణాదిలో ఆ చదువు పరీక్షలు ఆగాయి. బడులు మాత్రం వెంటనే ఆగలేదు. పరీక్ష పోయినంత మాత్రాన చెక్కు రాయడం రాదు కదా. 1957 నుంచి 1970 దాకా 897 బడులు నడిచాయని, పదివేల మంది దాకా టీచర్లుగా తయారయ్యారని లెక్క చెబుతారు.

1970లో ఆమె పని నుంచి తప్పుకుని చార్లెస్టన్ చేరారు. ఒకప్పుడు ఉద్యోగం పీకేసిన ఆ ఊళ్లోనే డెబ్బై దాటాక స్కూలు బోర్డుకు పోటీ చేసి గెలిచారు. 1976లో గవర్నర్ అన్యాయం జరిగిందని ఒప్పుకుని పింఛను తిరిగి ఇప్పించారు. 1987లో ఆమె ఆత్మకథకు అమెరికన్ బుక్ అవార్డు వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 15న, పద్దెనిమిదేళ్ల వయసులో పడవ దిగిన జాన్స్ ద్వీపంలోనే ఆమె కన్నుమూశారు.