పదకొండు సిక్సర్ల నాయుడుగారు



ఆదివారం సాయంత్రం ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో పొద్దుపోయాక బ్యాటుతో ఇల్లు చేరిన పిల్లలను కోప్పడే ముందు, వాళ్ళకు సి.కె. నాయుడుగారి సంగతి ఒకటి చెప్పండి. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. 1895లో నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి లాయరు.

1926 డిసెంబరు, బొంబాయి జింఖానా మైదానం. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు 363 పరుగులు చేసింది. వాళ్ళ గై ఎర్ల్ ఒక్కడే ఎనిమిది సిక్సర్లు బాదాడు. మనవైపు ఆడింది హిందూ జట్టు (అప్పట్లో జట్లు మతాలవారీగా ఉండేవి లెండి). నాయుడుగారు రెండు గంటలలోపే 153 కొట్టారు. అందులో సిక్సర్లు పదకొండు! జట్టు 356 దగ్గర ఆగింది. ఏడంటే ఏడే పరుగులు తక్కువ. మ్యాచ్ డ్రా అయింది. మనం గెలవలేదు, నిజమే. కానీ ఎం.సి.సి. వారే ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు.

అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు. భారత్ తొలి టెస్టు 1932లో లార్డ్స్‌లో ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే, 36 ఏళ్ళ వయసులో. పదో తరగతికే పిల్లల దారి తేలిపోవాలని తొందరపడే మనకు ఈ లెక్క కొంచెం వింతగానే ఉంటుంది. అరవై దాటాక కూడా రంజీ ట్రోఫీలో ఆడారు. 1967 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజే, ఇండోర్‌లో కన్నుమూశారు.